కత్తి మన చేతికి వచ్చిన వైనం

పొద్దున్నే అద్దం ముందు నిలబడి తన గడ్డం తానే గీసుకునే మగవాడు ఎప్పటినుంచో ఉన్నాడనిపిస్తుంది. నిజానికి అతను చాలా కొత్తవాడు. సామాన్యుల ఇళ్లలో అతను కనబడటం మొదలై ఇంకా నిండా నూట పాతికేళ్లు కాలేదు. అంతకుముందు వేల ఏళ్లపాటు గడ్డం తీయించుకోవడమంటే ఇంకొకరి ముందు మెడ చాచి కూర్చోవడమే. ఆ విద్య ఒక వృత్తివాళ్లది, ఆ పదును వాళ్ల చేతిలోది. అక్కణ్నుంచి కత్తి మన చేతికి ఎలా వచ్చిందో, వచ్చాక ఏం నేర్చుకున్నామో, నేర్చుకున్నదాన్ని మళ్లీ ఎలా పోగొట్టుకున్నామో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. ఈ కథంతటికీ నడిమధ్య నిలిచిన పనిముట్టు సేఫ్టీ రేజర్. దానికి ముందున్న కత్తి నేర్పులేనివాణ్ని దగ్గరికి రానిచ్చేది కాదు. దాని తర్వాత వచ్చిన రెండు, మూడు, ఐదు బ్లేళ్ల కార్ట్రిజ్‌లు అసలు నేర్పే అక్కర్లేదన్నాయి. ప్రమాదాన్ని తగ్గించి, విద్యను మాత్రం మనకే వదిలిపెట్టింది సేఫ్టీ రేజర్ ఒక్కటే. దానిమీద నాకున్న ప్రేమకు కారణం అదే.

మన దేశంలో ఈ పని ఎంత పాతదో తెలియడానికి అథర్వవేదం చాలు. ఆరో కాండలో క్షౌరానికి చెప్పిన సూక్తం ఒకటుంది. కత్తితో వచ్చే సవితనూ వేడినీళ్లు తెచ్చే వాయువునూ అందులో తలచుకుంటారు. కత్తి ఒక్కటే చాలదని, ముందు వెంట్రుక నానాలని అప్పటికే తెలుసన్నమాట. గృహ్యసూత్రాల్లో పదహారో ఏట కుర్రవాడికి తొలిసారి గడ్డం తీయించే సంస్కారముంది. కేశాంతమనీ, ఆ సందర్భంలో గురువుకు ఆవునిస్తారు కనక గోదానమనీ దానికి పేర్లు. మొదటి క్షౌరాన్ని ఉపనయనం, వివాహాల వరసలో నిలబెట్టిన సంస్కృతి మనది. కామసూత్రంలో వాత్స్యాయనుడు తన నాగరకుడికి, అంటే నగరంలో సొగసుగా బతికే మనిషికి, నాలుగు రోజులకొక క్షౌరం విధించాడు. రోజూ గడ్డం తీయించుకున్న మొదటి రోమన్ రెండో సిపియో ఆఫ్రికానస్ అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఎక్కడైనా, ఎప్పుడైనా, గడ్డం ఒకరిదీ కత్తి మరొకరిదీ.

తెలుగు పల్లెల్లో ఆ కత్తి నాయీబ్రాహ్మణులది. వేపచెట్టు కిందో, రచ్చబండ దగ్గరో, మోతుబరి ఇంటి అరుగు మీదో అడపం విప్పేవాళ్లు. అందులో కత్తి, కత్తెర, సానరాయి, కత్తిని సాపుచేసే తోలుపట్టా, చిన్న ఇత్తడి గిన్నె, అరచెయ్యంత అద్దం. సబ్బు వాడకం తక్కువ. నీళ్లలో వేళ్లు ముంచి గడ్డాన్ని చాలాసేపు పామేవాళ్లు. చూసేవాళ్లకు అది ఊరికే ముచ్చట్లాడుతూ కాలం గడపడంలా కనిపించేది కానీ, సగం పని అక్కడే అయిపోయేది. ఆ తర్వాత బొటనవేలితో చెంపను పైకి లాగి పట్టి, బిగిసిన చర్మం మీద కత్తి జార్చేవాళ్లు. కూలి ఏడాదికొకసారి కళ్లంలో మేరగా, ధాన్యం రూపంలో అందేది. పెళ్లిళ్లలో సన్నాయీ డోలూ మోగించేదీ ఆ ఇళ్లవాళ్లే. శరీరం గురించి ఇంత తెలిసిన మనుషులకు ఊరు ఇచ్చిన గౌరవం మాత్రం చాలా తక్కువ.

ఇంకో అన్యాయం కూడా ఉంది. ఊరందరి గడ్డాలూ తీసే కత్తి దళితవాడ వైపు వెళ్లకూడదని పెత్తందార్లు కట్టడి చేసిన ఊళ్లు ఎన్నో. అంటరానితనాన్ని నేరంగా చేసిన 1955 నాటి చట్టం, అదే ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, దుకాణమంటే ఏమిటో చెబుతూ క్షౌరశాలను పేరుపెట్టి మరీ చేర్చాల్సి వచ్చింది. సెలూన్ కుర్చీలో కూర్చోనివ్వని ఊళ్లో మనిషికి సొంత రేజర్ ఉండటమంటే ఇంకొకరి దయ కోసం వాకిట్లో నిలబడక్కర్లేకపోవడం. రేజర్ చరిత్ర రాసేవాళ్లు కంపెనీల పేర్లూ పేటెంట్ల సంఖ్యలూ రాస్తారు కానీ ఈ మాట రాయరు.

ఎవరి గడ్డం వాళ్లే తీసుకోవచ్చన్న ఆలోచనకు పుస్తకం రాసిన తొలి మనిషి జాన్ జాక్ పెరే. పారిస్‌లో కత్తులు చేసే పనివాడు. తన గడ్డం తాను తీసుకోవడం నేర్పే పుస్తకాన్ని 1769లో అచ్చువేశాడు. కత్తి అంచు కొద్దిగా మాత్రమే బయటికి వచ్చేలా చుట్టూ చెక్క తొడుగు వేసిన రేజర్ కూడా ఆయనదే. వడ్రంగి చిత్రికలో ఉలి కొస మాత్రమే పైకి కనిపించే తీరు ఆయనకు దారి చూపిందంటారు. తెగుతుంది కానీ లోతుకు దిగదు. సేఫ్టీ రేజర్ సూత్రమంతా ఇంతే. 1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ బ్లేడును పిడికి అడ్డంగా, పార తీరులో బిగించాడు. ఆవిరితో ఎగిరే విమానం చెయ్యాలని కలగన్న హెన్సన్ ఇతనే. విమానం ఎగరలేదు, రేజర్ ఆకారం మాత్రం నిలిచిపోయింది. 1880లో న్యూయార్క్‌లో కాంఫ్ సోదరులు అంచు దగ్గర కాపు ఉన్న రేజర్‌కు పేటెంటు తీసుకున్నారు. ఇక్కడికి చర్మానికి రక్షణ దొరికింది. కానీ లోపల ఉన్నది ఇంకా మందపాటి కత్తిముక్కే. దాన్ని రోజూ తోలుపట్టా మీద సాపుచెయ్యాలి, అప్పుడప్పుడూ సానకు పంపాలి. గీసుకోవడం సులువైంది కానీ పదును పెట్టే కష్టం ఇంటికొచ్చి కూర్చుంది.

ఆ కష్టాన్ని తీసినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. 1855లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. ఊరూరా తిరిగి సీసామూతలు అమ్మే సేల్స్‌మన్. ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టు, కొన్నవాడు మళ్లీ మళ్లీ వస్తాడని ఆ మూతలు కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికి చెప్పాడు. జిల్లెట్ 1894లో ఒక పుస్తకం కూడా రాశాడు. పోటీ వ్యాపారమంతా పోవాలి, నయాగరా జలపాతం ఇచ్చే కరెంటుతో నడిచే ఒకే మహానగరంలో జనమంతా కలిసి బతకాలి అన్నది అందులోని కల. అలాంటి మనిషికి 1895లో మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్‌లో గడ్డం గీసుకుంటూ కత్తి మొద్దుబారిందని గమనించినప్పుడు ఇంకో ఆలోచన తట్టింది. కోసేది అంచు మాత్రమే. మరి ఇంత ఉక్కు ఎందుకు? పల్చటి రేకుకు రెండు వైపులా పదును పెట్టి, అరిగిపోగానే పారేస్తే సరిపోదా?

రేకంత పల్చటి ఉక్కుకు అంత గట్టిదనం, అంత పదును రావని లోహం తెలిసినవాళ్లంతా అన్నారు. వేడిచేసి చల్లారిస్తే రేకు వంకర్లు పోతుంది. ఏళ్లపాటు అతని దగ్గర ఆలోచన ఉంది కానీ వస్తువు లేదు. చివరికి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన విలియం నికర్సన్ ఆ రేకును గట్టిపరిచే పద్ధతీ, పదునుపెట్టే యంత్రాలూ తయారుచేశాడు. 1901లో బోస్టన్‌లో కంపెనీ పెట్టారు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్ల సంఖ్య తొంభై వేలు దాటింది. పేటెంటు 1904 నవంబరు 15న చేతికొచ్చింది. జిల్లెట్ అసలు తెలివి బ్లేడులో కన్నా దాన్ని పట్టుకునే తలలో ఉందని నా అభిప్రాయం. పల్చటి రేకు విడిగా వణుకుతుంది. పైమూత, కిందిపలక మధ్య పెట్టి పిడి తిప్పితే కొంచెం వంగి బిగుసుకుంటుంది. ఆ వంపు వల్లే దానికి గట్టిదనం. ఎవరైనా మూడు ముక్కల రేజర్ ఊడదీసి, బ్లేడు పెట్టి, పిడి మెల్లగా బిగిస్తూ పక్కనుంచి చూస్తే రేకు విల్లులా వంగడం కళ్లారా కనిపిస్తుంది.

ఈ అలవాటును లోకమంతా పాకించింది మాత్రం యుద్ధం. 1918లో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లకు, మూడు కోట్లకు పైగా బ్లేడ్లకు ఆర్డరిచ్చింది. విషవాయువు ముసుగు ముఖానికి సరిగ్గా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదన్నది ఒక కారణం. కందకాల్లో పేలు, పుళ్లు మరో కారణం. పల్లెటూళ్ల నుంచి వెళ్లిన లక్షలాది కుర్రవాళ్లు బురదలో కూర్చుని, చిన్న అద్దంలో చూసుకుంటూ తమ గడ్డం తాము తీసుకోవడం నేర్చుకున్నారు. బతికి తిరిగొచ్చినవాళ్లు రేజర్‌తోనే ఇంటికొచ్చారు. వాళ్ల కొడుకులు దాన్ని చూసే పెరిగారు.

రేజర్‌ను కారుచవగ్గా ఇచ్చి బ్లేడ్లతో డబ్బు చేసుకోవడం జిల్లెట్ పన్నిన ఎత్తు అని వ్యాపార పాఠాల్లో చెబుతుంటారు. ఇది సరికాదని షికాగో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించే రాండల్ పికర్ పాత ధరలు తిరగేసి చూపించారు. పేటెంటు ఉన్నంతకాలం రేజర్ ధర ఐదు డాలర్లు. ఆనాటి పనివాడి వారం కూలిలో మూడోవంతుకు దగ్గర. 1921లో పేటెంటు గడువు తీరాకే పాత నమూనా డాలరుకు దిగింది. ఆ గడువు తీరడం వల్ల మనకు జరిగిన మేలు ఇంకోటుంది. ఆ బ్లేడు ఆకారం లోకం సొత్తైపోయింది. ఎవరైనా చెయ్యవచ్చు, ఎవరి రేజర్‌లోనైనా పెట్టుకోవచ్చు. 1930 ప్రాంతంలో మూడు చిల్లుల చోట నడిమి గాడి వచ్చినా కొలత మారలేదు. ఈ వేళ కిరాణా కొట్టులో కొన్న బ్లేడు వందేళ్ల కిందటి జిల్లెట్ రేజర్‌లో హాయిగా కూర్చుంటుంది. సెల్‌ఫోన్ ఛార్జర్‌కు కూడా దక్కని దీర్ఘాయుష్షు ఇది.

మన దేశంలో ఈ విద్య మొదట సముద్రం దాటినవాళ్లతో వచ్చింది. ఇంగ్లండు వెళ్లిన ప్రతివాడూ గడ్డం గీసుకోవడమైనా నేర్చుకుని వస్తాడని, జుట్టు కత్తిరించుకోవడం మాత్రం ఎవరూ నేర్చుకోరని గాంధీ తన ఆత్మకథలో రాశారు. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు ఆయనకు పని చెయ్యనన్నాడు. ఆయన కత్తెర కొనుక్కుని అద్దం ముందు నిలబడి తన జుట్టు తానే కత్తిరించుకున్నారు. వెనకవైపు పాడైంది, కోర్టులో స్నేహితులు నవ్వారు. ఆ క్షురకుణ్ని ఆయన తప్పుపట్టలేదు. మన దేశంలో మన క్షురకులను అంటరానివాళ్లకు పనిచెయ్యనివ్వనిది మనమే కదా, దాని ఫలితమే ఇది అనుకున్నారు.

స్వతంత్రం వచ్చాక దేశంలోనే బ్లేడ్ల తయారీ పెరిగింది. కలకత్తాలో హర్బన్స్‌లాల్ మల్హోత్రా సంస్థ, ఆ తర్వాత ఠాణే వైపు సూపర్‌మ్యాక్స్ చేసేవాళ్లు కోట్ల సంఖ్యలో బ్లేడ్లు తీశారు. టోపాజ్, పనామా, సెవెన్ ఓ క్లాక్ పేర్లు ఇంటింటి మాటలయ్యాయి. తెలుగిళ్లలో ఆదివారం ఉదయాలు ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. కిటికీ చువ్వకు వేలాడదీసిన అద్దం, స్టీలుగ్లాసులో వేడినీళ్లు, గుండ్రటి గోద్రెజ్ సబ్బు, వెంట్రుకలు సగం రాలిన బ్రష్షు. పాత కార్బన్ ఉక్కు బ్లేళ్లకు తడి తగిలితే తుప్పే. కోస్తా ఊళ్లలో మరీను. అందుకని పని కాగానే తుడిచి కాగితంలో చుట్టేవాళ్లు. మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపలి గోడకు రెండువేళ్లతో ఆనించి అటూ ఇటూ రుద్ది, ఇంకో రెండుసార్లు లాగించేవాళ్లు. ఆ తర్వాతా దానికి విశ్రాంతి లేదు. సగానికి విరిస్తే పిల్లల పెన్సిల్ చెక్కడానికి ఒక ముక్క, అమ్మ కుట్లు విప్పడానికి ఒక ముక్క. 1960ల మొదట్లో విల్కిన్‌సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చి, దానితో పోటీకి అందరూ అదే బాట పట్టాక తుప్పు బాధ తగ్గింది.

సెలూన్లలోకీ ఇదే బ్లేడు వచ్చింది. ఎయిడ్స్ భయం పల్లెలకు పాకిన 1990లలో జనం కుర్చీలో కూర్చుంటూనే కొత్త బ్లేడు వెయ్యమనడం మొదలుపెట్టారు. తరతరాల కత్తి మూలపడింది. దాని స్థానంలో సగం బ్లేడు తొడిగే పిడి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలో భక్తుల తలనీలాలు తీసేదీ ఇలాంటి బ్లేడు ముక్కే.

ఇక నేర్చుకోవడం. మా మేనల్లుడికి మొన్నటిదాకా ఐదు బ్లేళ్ల కార్ట్రిజ్ అలవాటు. మెడ మీద ఎర్రటి పొక్కులు. వెంట్రుక చర్మం కిందికి తెగి, పెరుగుతూ లోపలే ముడుచుకుపోవడం వల్ల వచ్చేవి. ఒక ఆదివారం మూడు ముక్కల రేజర్ చేతికిచ్చి కూర్చోబెట్టాను.

"మావయ్యా, గట్టిగా నొక్కకపోతే తెగదేమో?"

"నొక్కితే తెగేది గడ్డం కాదురా, చర్మం. దాని బరువు దానికి చాలు. నువ్వు ఊరికే నడిపించు."

ముందు వేడినీళ్లతో ముఖం తడిపి రెండు మూడు నిమిషాలు ఆగమన్నాను. పొడిగా ఉన్న వెంట్రుక తీగలాంటిది, నానితే లొంగుతుంది. తర్వాత వేళ్లతో చెంపా మెడా తడుముకుని వెంట్రుక ఎటు వాలిందో చూసుకోమన్నాను. చెంపల మీద కిందికి వాలింది, గవదకింద పక్కకు, కంఠం దగ్గర సుడి తిరిగి పైకి. తన ముఖాన్ని తాను అలా తడిమి చూసుకోవడం వాడికదే మొదటిసారి. నురగ పట్టించాక రేజర్ తల పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ అంచు చర్మానికి తగలగానే ఆపాలి. అప్పుడు బ్లేడు చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో నిలుస్తుంది. అంతకు మించితే బ్లేడు గీరుతుంది, తగ్గితే జారిపోతుంది. చెవిని ఆనుకుని తెగే చప్పుడు వింటే ఆ వాలు కుదిరిందో లేదో తెలిసిపోతుంది. అంగుళం, అంగుళమున్నర పొడవు గీతలే. ఎడమచేత్తో చర్మం బిగించి పట్టాలి. ఊళ్లో అడపం విప్పిన పెద్దాయన బొటనవేలితో చేసిన పని అదే.

మొదటి దఫా వాలుకు అనుకూలంగా. నున్నగా కాలేదని అక్కడే మళ్లీ గీస్తే మంట తప్పదు. మళ్లీ నురగ పట్టించి రెండో దఫా అడ్డంగా. ఎదురు గీత కొత్తవాళ్లకు వద్దు. గడ్డం మొన దగ్గర, పై పెదవి మీద చెయ్యి వేగం తగ్గాలి. చివర చన్నీళ్లు, తడి పటిక. పటిక ఎక్కడ చురుక్కుమందో అక్కడ చెయ్యి బరువైందని అర్థం. కొన్ని వారాలకు వాడి మెడ తేరుకుంది. ఈ విద్య ఒక్క పూటలో రాదు, కానీ ఒకసారి చేతికొచ్చాక పోదు.

ఇంత మెత్తటి వెంట్రుక అంత గట్టి ఉక్కును ఎలా పాడుచేస్తుందన్న ప్రశ్నకు జవాబు 2020లో దొరికింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రోష్యోలీ, తాసాన్ బృందం సైన్స్ పత్రికలో ఆ పరిశోధన వెలువరించింది. రోష్యోలీ తాను గడ్డం గీసుకున్న బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అంచు మెల్లగా అరిగిపోవడం కాదు, అక్కడక్కడా ముక్కలు రాలిపోతోంది. వెంట్రుక ఉక్కుకన్నా దాదాపు యాభై రెట్లు మెత్తన. అయినా అది వంగి, పక్కనుంచి అంచును తాకినప్పుడు, ఉక్కు అమరిక ఒకే తీరుగా లేనిచోట ముక్క లేచిపోతోంది. నాలుగైదుసార్లు గడ్డం గీసుకున్నాక బ్లేడు మార్చాలని పెద్దలు చెప్పిన అనుభవం వెనక ఉన్న కారణం ఇది.

ఇక కార్ట్రిజ్‌ల సంగతి. 1971లో జిల్లెట్ కంపెనీ రెండు బ్లేళ్ల ట్రాక్ టూ తెచ్చింది. మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, రెండోది కోస్తుంది. 1975లో బిక్ సంస్థ పిడితో సహా పారేసే ప్లాస్టిక్ రేజర్ ఇచ్చింది. 1998లో మాక్ త్రీ, 2006లో ఐదు బ్లేళ్ల ఫ్యూజన్. వాలు చూసుకునే పని తిరిగే తల తీసుకుంది. వాటిలో సుఖం లేదనను. చెయ్యి వణికే వృద్ధులకు, ఇంకొకరికి గడ్డం తీసే నర్సులకు అవి వరమే. కానీ ఒక్కో కార్ట్రిజ్ ఒక్కో కంపెనీ పిడికే పడుతుంది. కొనేవాడు ఆ ధరకు కట్టుబడిపోతాడు. ప్లాస్టిక్‌లో బిగుసుకున్న ఉక్కును విడదీసి కరిగించేవాడూ కరువే.

మన దేశంలో ఆ యంత్రాలకు ఎదురైన అనుభవం చెప్పుకోదగ్గది. భారతీయుల కోసమని జిల్లెట్ 2002లో వెక్టర్ తెచ్చింది. పరీక్షించింది అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల మీద. వాళ్లకు కుళాయి నీళ్లు ధారగా వస్తాయి. ఇక్కడ జనం చిన్న గిన్నెడు నీళ్లలో పని ముగిస్తారు. బ్లేళ్ల సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుని రేజర్ ఆగిపోయింది. ఈసారి కంపెనీవాళ్లు మన పల్లెల్లో, ఇళ్లల్లో కూర్చుని జనం గీసుకోవడం చూశారు. 2010లో గార్డ్ వచ్చింది. అప్పట్లో పిడి పదిహేను రూపాయలు, బ్లేడు ఐదు రూపాయలు, సులువుగా కడగడానికి వీలైన తల. అందులో ఉన్న బ్లేడు ఒక్కటే.

ఇప్పుడు కుర్రవాళ్లలో కొందరు మళ్లీ రెండంచుల బ్లేడు వైపు వస్తున్నారు. మెడ మీద పొక్కులు పోవాలని కొందరు, ఖర్చు తగ్గాలని కొందరు, ప్లాస్టిక్ వద్దని ఇంకొందరు. కారణమేదైనా రమ్మనే అంటాను. వచ్చేవాళ్లు ఒక పని మాత్రం మొదటిరోజే చెయ్యాలి. పాత అమెరికా ఇళ్లలో స్నానాలగది అద్దాల బీరువా వెనక సన్నటి గాడి ఉండేది. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడిపోయేది. మన ఇళ్లలో అది చెత్తబుట్టలో పడుతుంది. అక్కణ్నుంచి ఉత్తచేతులతో చెత్త వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలి వేళ్లకు తగులుతుంది. మూత బిగుతుగా ఉన్న పాత డబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత సన్నటి గాటు పెట్టండి. ఒక్క మనిషి వాడే బ్లేడ్లతో అది నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక మూతకు టేపు చుట్టి, లోపల ఏముందో పైన పెద్ద అక్షరాలతో రాసి, పాత ఇనుము కొనేవాడికి చెప్పి మరీ ఇవ్వండి.